కొత్త మందుల అన్వేషణలో బయోఇన్ఫర్మాటిక్స్

జన్యువులు, ప్రోటీన్లు, రసాయనాల గురించి పోగుపడిన సమాచారాన్ని కంప్యూటర్‌తో జల్లించి, ఏ అణువు ఏ జబ్బుకు మందు కాగలదో ముందే అంచనా కట్టడం మందుల రంగంలో బయోఇన్ఫర్మాటిక్స్ చేసే పని. దక్షిణాదిలో దీని పునాది చాలా ముందే పడింది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలిక తిరగగలదో, ఏ కోణాల్లో పరమాణువులు ఒకదానికొకటి అడ్డొస్తాయో లెక్కగట్టి పటం గీశారు. ప్రపంచంలో ఎక్కడ ప్రోటీన్ ఆకృతి తేల్చినా నేటికీ ఆ రామచంద్రన్ పటంతో సరిచూసుకుంటారు.

ఆకృతి తెలిస్తే ఏం లాభమో చెప్పడానికి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కృషిని మించిన ఉదాహరణ దొరకదు. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనికి అడ్డుపడే రసాయనాలను తయారుచేసింది. ఆ కోవలోని మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ ఇప్పటికీ వాడుతున్నారు. అది ఏ ప్రోటీన్‌ను ఎలా పట్టుకుంటుందో కళ్లారా చూసే సాధనం ఆయన కాలంలో లేదు. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. 1977లో బ్యాక్టీరియా నుంచి తీసిన డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ గాడిలో మెథోట్రెక్సేట్ ఇమిడిన తీరును ఎక్స్‌రే చిత్రణ బయటపెట్టింది. తాళం ఆకారం చూసి తాళంచెవి చేసుకునే రోజులు అలా దగ్గరపడ్డాయి.

అలాంటి ఆకృతులను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ ఏడు ఆకృతులతో 1971లోనే మొదలైంది. 1982లో కాలిఫోర్నియాలో ఇర్విన్ కుంట్జ్ బృందం, అణువును ప్రోటీన్ గాడిలో కంప్యూటర్‌లోనే అమర్చి చూసే ‘డాక్’ అనే ప్రోగ్రామ్‌ను రూపొందించింది. హెచ్ఐవి వైరస్‌లోని ప్రోటియేజ్ అనే ఎంజైమ్ ఆకృతి 1989లో తేలితే, దాన్ని అడ్డుకునే సాక్వినవిర్‌కు 1995లోనే అనుమతి వచ్చింది. 2004లో సీఎస్ఐఆర్, టీసీఎస్ కలిసి బయో-సూట్ అనే స్వదేశీ సాఫ్ట్‌వేర్ తెచ్చాయి.

పాత మందుకు కొత్త ఉపయోగం కనిపెట్టడంలోనూ ఈ విద్య అక్కరకొచ్చింది. కీళ్లవాతానికిచ్చే బారిసిటినిబ్ కోవిడ్‌కు పనికి రావచ్చని లండన్‌లోని బెనివొలెంట్ ఏఐ సంస్థ 2020 ఫిబ్రవరిలో సూచించింది. రోగులపై జరిపిన పరీక్షల్లో ఆ మాట నిలబడింది. 2021 మేలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా మన దేశంలో దాని అత్యవసర వినియోగానికి అనుమతి పొందింది.

తమిళనాడుకు ఇంకా దగ్గరి ప్రయత్నం ‘ఇంపాట్’ అనే సమాచార నిధి. అల్లాడి రామకృష్ణన్ 1962లో మద్రాసులో స్థాపించిన గణిత శాస్త్రాల సంస్థలో అరిజిత్ సామల్ బృందం ఔషధ మొక్కల సమాచారాన్ని పుస్తకాల నుంచి, పరిశోధన పత్రాల నుంచి ఏరి 2018లో అందరికీ అందుబాటులో పెట్టింది. మొదట 1,742 మొక్కలుండగా, 2023 నాటి రెండో కూర్పులో మొత్తం 4,010 మొక్కలు, 17,967 రసాయనాలు ఉన్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. తమిళనాడులోని ధర్మపురి జిల్లావాళ్లకు నిలవేంబు కషాయం కొత్త కాదు. డెంగీ ప్రబలినప్పుడు ప్రభుత్వమే పంచింది. అందులోని నేలవేముకు చేదునిచ్చేది ఆండ్రోగ్రాఫొలైడ్. మింగే మందు అణుభారం 500 దాటకుండా ఉంటే మేలని 1997లో శాస్త్రవేత్త లిపిన్‌స్కీ సూత్రీకరించారు. ఆండ్రోగ్రాఫొలైడ్ అణుభారం సుమారు 350. అంతమాత్రాన డెంగీకి మందని రుజువైనట్టు కాదు, పరీక్షించదగినదని మాత్రమే అర్థం.

ఇలాంటి అనేక ప్రమాణాల జల్లెళ్లు దాటి ఇంపాట్ రెండో కూర్పులో 1,335 రసాయనాలు మిగిలాయి. వాటిలో అత్యధికం ఇప్పటికే ఆమోదం పొందిన ఏ మందునూ పోలినవి కావు. ఇంటర్నెట్ ఉన్న ఏ జిల్లా కళాశాల విద్యార్థి అయినా ఈ నిధిని ఉచితంగా తెరిచి, తన ఊరి మొక్కతోనే పరిశోధన మొదలుపెట్టవచ్చు, పెట్టాలి కూడా.