హైదరాబాద్ జాతీయ బెలూన్ కేంద్రం

హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంతంలో టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) నిర్వహిస్తున్న ఈ కేంద్రం, పరిశోధన పరికరాలను స్ట్రాటోస్ఫియర్‌కు చేర్చే భారీ బెలూన్లను తయారుచేసి ఎగురవేసే స్థావరం. 1969లో ఏర్పడింది.

బెలూన్ల ఎగురవేత రెండు రకాలుగా మొదలైంది. 1783 జూన్ 4న ఫ్రాన్స్‌లో మాంగోల్ఫియే సోదరులు ఎగురవేసినది వేడిగాలి బెలూన్. అదే ఏడాది ఆగస్టు 27న పారిస్‌లో జాక్ షార్ల్ హైడ్రోజన్ బెలూన్‌ను ఎగురవేశాడు. హైదరాబాద్ బెలూన్లు ఈ రెండో కోవకు చెందినవి. పలుచని పాలిథీన్ పొరతో తయారవుతాయి. పైకి వెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గి లోపలి వాయువు వ్యాకోచిస్తుంది కనుక నేలమీద వాటిని కొద్ది భాగమే నింపుతారు.

హైదరాబాద్ భూఅయస్కాంత మధ్యరేఖకు చేరువలో ఉంది. తక్కువ శక్తి గల విశ్వకిరణాలను భూమి అయస్కాంత క్షేత్రం ఇక్కడ అడ్డుకుంటుంది. అందువల్ల ఎక్స్‌కిరణ ఖగోళ పరిశీలనలకు ఈ చోటు ఎంతో అనుకూలం. 1 మీటరు వ్యాసం గల పరారుణ టెలిస్కోపు కూడా ఇక్కడి నుంచే ఎగిరింది.

అత్యంత ప్రసిద్ధమైనది 2005 ఏప్రిల్ 20 నాటి ప్రయోగం. 2.67 కోట్ల ఘనపుటడుగుల బెలూన్ 459 కిలోల పరికరాలను మోసుకెళ్లింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో సేకరించిన గాలిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు బయటపడ్డాయి. ఇస్రో 2009లో ఈ ఫలితాన్ని ప్రకటించింది.

ప్రయోగం ముగిశాక పరికరాలు పారాచూట్‌తో నేలకు దిగుతాయి. వాటిని ముట్టుకోకుండా సమాచారం ఇవ్వాలని ప్రజలకు ముందుగానే ప్రకటన ఇస్తారు.