వేగిస (విజయసారం)

తూర్పు, పడమటి కనుమల అడవుల్లో పెరిగే పెద్ద చెట్టు. శాస్త్రనామం టెరోకార్పస్ మార్సూపియం. దీని చేవతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి గోధుమరంగుకు తిరుగుతాయి. వెలుతురులో నీలి ఛాయా కనిపిస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లు పరగడుపున తాగేది ఆ నీళ్లనే.

బెరడులోని ఎపికాటెచిన్ ఎలుకల క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను అలోక్సాన్ విషం నుంచి కాపాడుతుందని, దెబ్బతిన్నచోట కొత్తవి పుట్టిస్తుందని 1980ల తొలినాళ్లలో భారతీయ పరిశోధకులు ప్రకటించారు. పెద్ద మాటే, అయితే ఇతర ప్రయోగశాలల్లో ఆ ఫలితం రాలేదు.

కొత్తగా టైప్ 2 మధుమేహం బయటపడిన రోగుల్లో చాలామందికి విజయసారంతో చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో భారత వైద్య పరిశోధన మండలి తెలిపింది. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన బృందం మాత్రం అందులో లేదు. పైగా చక్కెర తగ్గినంత మాత్రాన కణాలు కోలుకున్నాయని చెప్పలేం.