పాఠకుని కంటె ముందు చదివినవారు

కొత్త పుస్తకం వెలువడిన సంగతి పాఠకునికి ఎట్లా చేరుతుంది? చూడడానికి ఇది సాహిత్య పుటలకు చెందిన ప్రశ్న. కాని మన దేశంలో దీనికి మొదట క్రమబద్ధంగా జవాబు వెదికినది పాలకులే.

కలకత్తాలో జేమ్స్ లాంగ్ అనే మతప్రచారకుడు 1855లోనే వంగభాషా గ్రంథాల వివరణాత్మక పట్టికను ప్రకటించాడు. 1857 తిరుగుబాటు తరువాత ప్రభుత్వం కోసం మరొకటి సిద్ధం చేశాడు. జనం ఏమి చదువుతున్నారో ఎరుగని ప్రభుత్వం వారి మనసులనూ ఎరుగదని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆయనను దెబ్బతీసింది. నీలిమందు రైతుల గోడును చెప్పిన ‘నీలదర్పణ్’ నాటకాన్ని ఆంగ్లంలో వెలువరించినందుకు 1861లో నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. ఆ జరిమానా కట్టినవాడు కాలీప్రసన్న సింహ. పాలకులు మనిషిని శిక్షించారు గాని, ఆయన పద్ధతిని మాత్రం భద్రంగా దాచుకున్నారు. 1867 నాటి 25వ చట్టం ప్రతి ముద్రాపకుడూ తన పుస్తకాలను సర్కారుకు సమర్పించి తీరవలెనన్నది. పేరు, భాష, కర్త, పుటల సంఖ్య, ఎన్ని ప్రతులు, ఎంత వెల – ఇవన్నీ మూడు నెలలకొకసారి గెజిట్‌లో అచ్చయ్యేవి.

ఆ జాబితాను చూసి పుస్తకం కొన్న సామాన్య పాఠకుడు ఒక్కడైనా ఉండి ఉంటాడని నేననుకోను. అతనికి పుస్తకం వేరే దారుల్లో అందేది. కలకత్తా బట్తలా అచ్చుకూటాల పుస్తకాలను తిరుగుడు వర్తకులు ఇంటింటికీ మోసుకుపోయేవారు. 1877లో అలహాబాదులో మొదలైన వీలర్ దుకాణాలు రైలు స్టేషన్లకు పుస్తకాన్ని తెచ్చాయి. కిప్లింగ్ తొలి కథా సంపుటాలు చాలావరకు 1888లో రైల్వే ప్రయాణికుల కోసం వెలువడిన మాలలోనివే. బండి కదిలేలోగా ఎంచుకోవలసిన పాఠకుడు అట్టనూ వెలనూ చూసి తీసుకునేవాడు. అందులో తప్పేముంది?

తెలుగునాట జరిగినది మరింత ఆలోచింపదగినది. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి, పాఠకుని ముందు ఒక విడి పుస్తకాన్ని గాక ఒక గ్రంథమాలను పెట్టింది. చందాదారుగా చేరినవాడు రాబోయే పుస్తకమేదో పూర్తిగా తెలియకుండానే దానిని అంగీకరించేవాడు. అతడు ఎన్నుకున్నది పుస్తకాన్ని కాదు, ఎన్నుకునేవారిని. ప్రబంధాలు, పురాణాలు, శతకాలు అలవాటైన ఇళ్లకు చరిత్ర, ప్రకృతి శాస్త్రాలు ఆ నమ్మకం మీదనే ప్రవేశించాయి. ఆ మాలలో మొదటి పుస్తకం అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసిన దేశాధ్యక్షుని కథ పరాధీన దేశంలో దేనికి సంకేతమో పాఠకునికి విడమరచి చెప్పనక్కరలేదు. దానిని రచించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్లారు. శిక్ష పడినది పత్రికా వ్యాసానికే గాని, ఆ రెండింటి వెనుక మనిషి ఒక్కడే. తరువాతి కాలంలో ఆయనే ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి పెద్ద దిక్కయ్యారు.

ఆ ఉద్యమం 1914లో బెజవాడ సభతో సంఘటితమైంది. దాని ఘనతను సాధారణంగా గ్రంథాలయాల సంఖ్యతో కొలుస్తాము. నా దృష్టిలో అసలు మార్పు బీరువా తాళానిది. తాళం వేసిన బీరువా ముందు నిలిచిన పాఠకుడు తనకు ముందే తెలిసిన పేరును మాత్రమే అడగగలడు. తెలియని పుస్తకాన్ని ఎట్లా అడుగుతాడు? ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచ సూత్రాలలో ఒకటి ఈ చిక్కును పుస్తకం వైపు నుంచి చూసింది. పుస్తకానికి కూడా తన పాఠకుణ్ణి చేరే హక్కు ఉన్నదని, అందుకు పాఠకుడు స్వేచ్ఛగా అరల మధ్య తిరగగలగాలని ఆయన వాదం. ఒకదాని కోసం వెళ్లి పక్కనున్న మరొకదానితో తిరిగివచ్చిన అనుభవం లేని చదువరి ఉండడు. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం వెనుక ఆయన కృషి ఉన్నది.

1867 చట్టం స్వతంత్ర భారతంలోనూ డెబ్బయి ఆరేళ్లు బతికింది. దాని స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం పత్రికలకే పరిమితమై, పుస్తకాలను వదిలివేసింది. నిఘా కోసం పుట్టిన జాబితా పోయినందుకు చింతించనక్కరలేదు, ఆ జాబితాలే నేడు పందొమ్మిదో శతాబ్ది పరిశోధకులకు ఆధారమైనప్పటికీ. జాతీయ గ్రంథాలయానికి ప్రతులు పంపాలన్న 1954 చట్టం ఎటూ ఉన్నది. చింతించవలసినది అరల గురించి. ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. వసూలు చేసిన స్థానిక సంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయకుండా బకాయిపడడం ఏళ్ల తరబడి సాగుతున్న వ్యవహారం. ఆ సొమ్ము రాకపోతే అరలోకి కొత్త పుస్తకమూ రాదు. అయినా పట్టణ గ్రంథాలయాలు ఉదయం నుంచే నిండి ఉంటాయి. అక్కడ కూర్చున్నవారిలో ఎక్కువమంది పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న యువతీయువకులు. వారి ముందున్న పుస్తకాలు చాలావరకు ఇంటి నుంచి సంచిలో తెచ్చుకున్నవే.