వ్యాసం ఏ తెలుగులో రాయాలి? నూరేళ్ళ కిందటి గొడవ

మనలాంటి వాళ్ళకి తెలుగు ముందు చెవి నుంచి వస్తుంది. అమ్మ, అమ్మమ్మ మాట్లాడింది విని నేర్చుకుంటాం. అక్షరాలు తర్వాత వస్తాయి. ఖురియాత్‌లో ఉన్నా, ఇంకెక్కడ ఉన్నా, మొదటి వ్యాసం రాయాలి అనుకోగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయొచ్చా? లేక పుస్తకాల తెలుగు వేరేగా నేర్చుకోవాలా?

ఈ ప్రశ్న మనతో మొదలవలేదు. నూరేళ్ళ కిందట పెద్ద పెద్ద పండితులు దీని మీద గొడవ పడ్డారు. ఆ కథ తెలిస్తే మనకి కొంచెం ధైర్యం వస్తుంది.

ముందు రెండు పుస్తకాల గురించి చెప్పాలి. 1853లో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' వచ్చింది. అది గ్రాంథికంలో, అంటే పాత కావ్యాల వ్యాకరణంతో రాసిన వచనం. తర్వాత చాలా ఏళ్ళు బడుల్లో మంచి తెలుగు అంటే అదే. రెండోది 1862లో అచ్చయిన 'హితసూచని'. రాసినది సామినేని ముద్దునరసింహం నాయుడు. ఆయన జిల్లా మునసబుగా పనిచేశారు. చదువు, వైద్యం, పెళ్ళి లాంటి విషయాలు ఒక్కొక్కటి తీసుకుని విడిగా రాశారు. వాటికి 'ప్రమేయం' అని పేరు పెట్టారు. తెలుగులో తొలి వ్యాసాలు ఇవే అని చాలామంది అంటారు. ఆయన భాష మాట్లాడే భాషకి దగ్గరగా ఉంటుంది. కానీ బడులు మొదటి దారిలోనే వెళ్ళాయి.

రెండు దారులకి తేడా ఎంతో ఒక వాక్యంలో చూడండి. మనం "పిల్లలు బడికి వెళ్తున్నారు" అంటాం. గ్రాంథికంలో అది "బాలురు పాఠశాలకుఁ బోవుచున్నారు" అవుతుంది. అర్థం ఒకటే. కానీ రెండోది ఎవరి ఇంట్లోనూ వినపడదు. నేర్చుకుని రాయాల్సిందే.

1900 తర్వాత ఉత్తర జిల్లాల్లో బడుల ఇన్‌స్పెక్టరు జె. ఏ. యేట్స్ ఈ తేడా గమనించి అడగడం మొదలుపెట్టారు. ఆయనకి తోడు దొరికినవాళ్ళు ముగ్గురు: పర్లాకిమిడిలో మాస్టారు గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగారు. అవతలి పక్క జయంతి రామయ్య పంతులు ఉన్నారు. 1911లో మొదలైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ పక్షానికి అండ.

గొడవ బాగా పెరిగింది పరీక్షల దగ్గర. మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలో కుర్రవాళ్ళు తెలుగు వ్యాసం రాయాలి. ఏ భాషలో రాస్తే మార్కులు ఇవ్వాలి? గ్రాంథికం పక్షం వాళ్ళు చెప్పింది కూడా తీసిపారేసే మాట కాదు. మాట ఊరూరికీ మారుతుంది, రాతకి ఒక కట్టుబాటు ఉండాలి అన్నారు. గిడుగు పక్షం వాళ్ళు, కుర్రవాడు చెప్పాలనుకున్న విషయం వదిలేసి వ్యాకరణంతోనే సరిపోతోంది అన్నారు.

విషయం తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఎక్కువమంది గ్రాంథికం వైపు ఉన్నారు. సభ్యుడైన గురజాడ ఒప్పుకోలేదు. 1914లో తన అసమ్మతిని ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. అది ఒక పుస్తకమంత ఉంటుంది. అప్పటికి ఆయన ఓడిపోయారు. మరుసటి ఏడాది, 1915లో చనిపోయారు.

గిడుగు ఆగలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. పాత వచనాల్లోంచి ఉదాహరణలు ఏరి, మాట్లాడే రూపాలు రాతలో ఎప్పటినుంచో ఉన్నాయని చూపించారు. గ్రాంథికమే రాయాలనే పండితులు కూడా అందులో తప్పులు లేకుండా రాయలేరని వాళ్ళ పుస్తకాల నుంచే చూపించారు. ఈ రోజు పేపర్లు, కథలు, పాఠాలు అన్నీ వ్యావహారికంలోనే ఉన్నాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం.

ఇందులో మనకి పనికొచ్చేది ఏమిటి? మాట్లాడే తెలుగులో రాయడం అంటే మాట్లాడినట్టు ఎటుపడితే అటు వెళ్ళడం కాదు. గిడుగు ఒక మాట అంటే, దాని కింద ఉదాహరణ పెట్టేవారు. అవతలివాళ్ళు ఏమన్నారో చెప్పి, దానికి జవాబు ఇచ్చేవారు. వ్యాసానికి కావలసిన కట్టుబాటు ఇదే. అది క్రియల చివర ఉండదు, విషయాల వరసలో ఉంటుంది.

మా ఊరి చరిత్రతో చేసి చూద్దాం. ప్రశ్న: 1507లో పోర్చుగీసువాళ్ళు ఖురియాత్‌ని ఎందుకు తగలబెట్టారు? ముందు జరిగింది: అఫోన్సో ద అల్బుకర్క్ ఓడలతో ఈ తీరం వెంట వచ్చాడు. ఖురియాత్, మస్కట్ రెండింటి మీదా దాడి చేశాడు. తర్వాత కారణం: ఆయన చూపు హోర్ముజ్ మీద ఉంది. గల్ఫ్ నోటి దగ్గర ఉన్న ఆ రేవు చేతిలో ఉంటే సముద్ర వ్యాపారం చేతిలో ఉన్నట్టే. ఈ తీరంలో రేవులు అప్పుడు హోర్ముజ్ రాజు కింద ఉండేవి. తర్వాత ఒక అనుమానం: ఇది ఎవరు చెప్పారు? మనకి బాగా తెలిసిన కథనం అల్బుకర్క్ కొడుకు 1557లో అచ్చు వేయించినది. అంటే గెలిచినవాళ్ళ మాట. చివర జవాబు: ఊరు దారిలో ఉంది, దారి హోర్ముజ్‌కి వెళ్తుంది.

ప్రశ్న, జరిగింది, కారణం, అనుమానం, జవాబు. ఐదు మెట్లు. ఒక్క కష్టమైన మాట కూడా అక్కర్లేదు. మీ ఊరిది ఒకటి ఇలాగే రాయండి. "వెళ్తున్నారు" అనే రాయండి. ఆ మాట రాసే హక్కు కోసం ఒక మాస్టారు ఏళ్ళ తరబడి వాదించారు.