కర్ణవేధము: కుట్టిన చెవి సంరక్షణ చరిత్రము



మన స్వర్ణకారుల పనితనమును గూర్చి చెప్పునపుడు నగలు, పొదుగుడుపని, నకాసి మొదలగువానినే పెద్దగ జెప్పుదురు. శిశువు చెవి కుట్టుపని మాటవరుసకైన రాదు. ఆ పని నిమిషములో ముగియును. కాని కుట్టిన పిమ్మట నా రంధ్రమును మానువఱకు గాపాడుటయే యసలు విద్య. ఈ విద్యకు మిక్కిలి పాత చరిత్రము గలదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానమునందలి 16వ యధ్యాయము ప్రధానముగ నీ విషయమునకే యేర్పడినది. రక్షకొఱకును, భూషణముకొఱకును శిశువు చెవులు కుట్టవలెనని యాచార్యుని మతము. కాలము 6వ లేక 7వ మాసము, శుక్లపక్షము. బిడ్డను దాది యొడిలో గూర్చుండబెట్టి, ఆటవస్తువులతో మఱపించుచు, వైద్యు డెడమచేత చెవితమ్మెను లాగిపట్టి, ఎండ వెలుగు పాఱు తావును గుర్తించి, కుడిచేత మెల్లగ దిన్నగ గ్రుచ్చవలయును. పలుచని చెవికి సూది, దళసరి చెవికి ఆరె. మగబిడ్డకు ముందు కుడిచెవి, ఆడుబిడ్డకు ముం దెడమచెవి. వెలుగునకు బట్టి చూచుట వట్టి యాచారము గాదు. నెత్తురునాళములు లేని చోటు దానివలన దేటపడును. నెత్తురు మిక్కుటముగ వచ్చినను, నొప్పి యధికమైనను, తప్పుచోట గ్రుచ్చినట్లే యని గ్రంథము చెప్పుచున్నది.

తరువాతి విధి మఱింత శ్రద్ధతో జెప్పబడినది. రంధ్రమున దూదివత్తి నుంచి పచ్చినూనెతో దడుపవలెను. మూడేసి దినముల కొకసారి మునుపటికంటె లావైన వత్తి నుంచుచుండవలెను. మంట, వాపు, జ్వరము పుట్టినచో వత్తిని దీసివైచి, అతిమధురము, ఆముదపువేరు, మంజిష్ఠ, యవలు, నువ్వులు నూఱి తేనె నేతులతో గలిపి పట్టువేసి, పూర్తిగ మానిన పిమ్మటనే మరల కుట్టవలెను. లోహితిక యను సిరకు గాయమైనచో మెడ బిగియుటయు, అపతానకమను ఈడ్పుల వ్యాధియు గలుగునని చెప్పిన తావును జదువునపుడు ధనుర్వాతము తలపునకు రాకమానదు. ఆ వ్యాధికి గారణము సిర గాదు, మన్నులో నుండు సూక్ష్మజీవి. దానిని 1889లో జపానుదేశీయుడు కిటసాటో వేఱుచేసి చూపెను. కారణ మెఱుగకున్నను, చెవిగాయము ప్రాణాపాయమునకు దారితీయగలదని మనవారు గుర్తించుట గొప్ప విషయమే.

వాగ్భటుడు చలికాలమున కుట్టుమనెను. ప్రాచీన గృహ్యసూత్రములలో బెక్కింట గర్ణవేధ ప్రసక్తి లేదు. కావున నిది మొదట వైద్యముగను, అలంకారముగను నుండి, పిదప సంస్కారములలో జేరినదని నా యభిప్రాయము.

గ్రంథము సూదిని వైద్యుని చేతి కిచ్చినది. మన దేశాచారము కంసాలి చేతి కిచ్చినది. దీనికి హేతువు స్పష్టము. సన్నని బంగారుతీగ కొనను వాడిగ సానబట్టి, దానితోనే గ్రుచ్చి, దానినే పోగుగ వంచి ముడివేయువాడు మనవాడే. గ్రుచ్చునదియు, నిలుచునదియు నొక్కటే యగుటచే లేతగాయము రెండుమార్లు కదలదు. మేనమామ యొడి, తాంబూలము, బియ్యము, టెంకాయ, ఇవన్నియు జదువరు లెఱిగినవే.

చెవి పెంచు నాచారమును మనకు గ్రొత్త గాదు. తెలుగున 'కమ్మ' యన దాటియాకు, చెవినగ యను రెండర్థములును గలవు. ఆకుచుట్టతో రంధ్రమును విరివిచేసిన కాల మా మాటలో నిలిచియున్నది. న్యూయార్కు నగరమునందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమునాటి బంగారు చెవినగల జత యొకటి గలదు. ఏనుగును, ఱెక్కల సింహమును గల యా నగలు ప్రాయశః ఆంధ్రదేశమువని పండితు లెంచుచున్నారు. అంత బరువు మోసిన చెవులను ముందుగ నెంత యోపికతో సిద్ధపఱచిరో యూహింపుడు!

ఇక నేటి మాట. పసుపును నూనెయు రాయుట, వేపపుల్ల దూర్చుట మన యిండ్లలో వాడుక. రంధ్రమును విరివిచేయు సాధనమును సుశ్రుతుడును జెప్పెను గాని, వాపు మొదలగు నుపద్రవములు తగ్గిన పిమ్మటనే. పచ్చిపుండులో మురికిపుల్ల దూర్చుమని కాదు. అంగడి పసుపులో రంగులు కలియుటయు గలదు. చేతులు కడుగుకొని, కాచి చల్లార్చిన యుప్పునీటితో దినమునకు రెండుమార్లు కడిగి, మెత్తని శుభ్రవస్త్రముతో నద్దుట మేలు. తీగను ద్రిప్పుటయు, తీసి చూచుటయు గూడదు. తమ్మె మానుటకు 6 మొదలు 8 వారములు పట్టును. మీది మృదులాస్థికి నెలలు పట్టును. అచట జీముపట్టినచో చెవి యాకారమే చెడును గాన, ఎఱుపు, వాపు, జ్వరము కనబడిన దినముననే వైద్యుని జూపవలెను.

మనవారు తప్పక గమనింపవలసిన దొకటి. జాతరలలో నొకే సూదితో వరుసగ బెక్కుబిడ్డలకు గుట్టిన, కామెర్లకు హేతువగు హెపటైటిస్ బీ యొకరినుండి యొకరికి సోకవచ్చును. ధనుర్వాతపు బీజములు మఱుగునీటికి జావవు; 121 డిగ్రీల యావిరిలో 15 నిమిషము లుంచిన నశించును. బిడ్డబిడ్డకు గ్రొత్త తీగ, అట్లు శుద్ధిచేసినది, వాడవలెను. అంగళ్లలోని కుట్టుతుపాకులు పెక్కింటికి బ్లాస్టికు తొడుగుండుటచే నా యావిరికి దాళవు; శుద్ధమైన మన తీగ వానికంటె నేమాత్రము దీసిపోదు.

నేడు శిశువులకు 6, 10, 14 వారముల వయస్సున ధనుర్వాతపు టీకా వేయుచున్నారు. సుశ్రుతుడు చెప్పిన 6వ మాసము నాటికి మూడును బూర్తియగును. కుట్టుటకు ముందు టీకాకార్డు నడిగి చూడుడు. పోగును బిగియింపక, తమ్మె వాచినను జాలునంత వదులుగ ముడివేయుడు.