రాజముద్ర ఇచ్చేసినా

1535 జులై 6న లండన్‌లోని టవర్ హిల్ మీద సర్ థామస్ మోర్ తల తెగిపడింది. ముగింపు తెలిసిన కథే. అయినా ప్రతి మలుపులోనూ, ఇక్కడైనా ఆగితే బాగుండునని మనసు కొట్టుకుంటుంది.

1529లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆయన్ని ఛాన్సలర్‌ను చేశాడు. రాజ్యంలో న్యాయానికి పెద్దదిక్కు, రాజుకు ఆప్తుడు. కానీ రాణి కేథరిన్‌ను వదిలి ఆన్ బోలీన్‌ను చేసుకోవాలన్న రాజు పంతాన్ని మోర్ కేథలిక్ విశ్వాసం ఒప్పుకోలేదు. మతాధిపతులు రాజుకు లొంగిపోయిన మర్నాడే, 1532 మే 16న, ఛాన్సలర్ పదవికి గుర్తైన రాజముద్రను రాజు చేతికే తిరిగి ఇచ్చేశాడు. చెల్సీలోని ఇంటికి చేరి మౌనంగా ఉండిపోయాడు. ఆ మౌనాన్ని రాజు మన్నించి ఉంటే!

మన్నించలేదు. ఈలోగా ఆన్‌ను పెళ్లాడాడు కూడా. 1534 ఏప్రిల్ 13న లాంబెత్‌లో మోర్ ముందు ప్రమాణపత్రం పెట్టారు. ఆన్ సంతానానికి సింహాసనమంటే ఆయన ప్రమాణం చేయడానికి సిద్ధమే. పోప్ అధికారాన్ని తోసిపుచ్చే మాటల దగ్గరే నోరు పెగల్లేదు. ఆలోచించుకోమని పక్క గదికి పంపారు. కిటికీలోంచి చూస్తే, తోటలో మతబోధకుడు లాటిమర్ స్నేహితుల మెడ మీద చేతులు వేసి నవ్వుతున్నాడు. ఒప్పుకున్నంత మేరకే ప్రమాణం చేయించుకుందామని ఆర్చిబిషప్ క్రాన్మర్ నచ్చజెప్పి చూశాడు. రాజు వినలేదు. మిగిలిన ఆ ఒక్క దారీ మూసుకుపోయింది.

ప్రమాణం చేయని మోర్‌ను లండన్ టవర్‌లో బంధించారు. ఆ చెరలో కలం కరువైతే కూతురికి బొగ్గుతో ఉత్తరం రాశాడు. చివరికి రాజద్రోహమని తేల్చి వేసిన మరణశిక్ష విని తిరిగొస్తుంటే ఆ కూతురే, మార్గరెట్, ఆయుధాలు పట్టిన భటులను తోసుకుంటూ వచ్చి తండ్రిని వాటేసుకుంది. విడిచి నాలుగడుగులు వేసిందో లేదో, ఉండబట్టలేక మళ్లీ పరుగెత్తుకొచ్చింది.

ఏడుస్తూనే ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. మోర్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో మతద్రోహులని ముద్రవేసి ఆరుగురిని సజీవంగా కాల్చారు. వాళ్లకూ అంతరాత్మ ఉంది, వాళ్ల కోసమూ ఏడ్చినవాళ్లు ఉండే ఉంటారు. తన కోసం తర్వాత కోరుకున్న దయను ఆయన వాళ్లకు దక్కనివ్వలేదు.

అయినా ఒక అధికారిగా మోర్ చివరికి చేసింది సబబే. చట్టం అడిగిన పనికి మనసొప్పనప్పుడు కుర్చీ పట్టుకుని వేలాడకుండా దిగి వెళ్లిపోయాడు. అంతకుమించి అడిగే హక్కు ఏ రాజుకూ లేదు.