నదిని కొలిచే అధికారం

విజయవాడ వద్ద కృష్ణా నదిపై తొలి ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ కట్ట మీదుగా పొర్లే నీటి మట్టాన్ని చూసి పుస్తకాల్లో రాసిపెట్టిన చిరుద్యోగులకు, తమ అంకెలు ఒకనాటికి మూడు రాష్ట్రాల వాటాలను నిర్ణయిస్తాయని తెలిసే అవకాశం లేదు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల ప్రవాహాల పట్టికను ముందు పెట్టుకొని, వందేళ్లలో 75 ఏళ్లు నికరంగా దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. పంపకమంతా ఆ అంకె మీదే జరిగింది. తర్వాత వచ్చిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 వరకు 47 ఏళ్ల లెక్క తీసుకుంటే, అదే 75 శాతం ప్రాతిపదికన 2,173 టీఎంసీలు వచ్చాయి. లెక్కలోకి తీసుకున్న ఏళ్లు మారేసరికి 113 టీఎంసీలు పుట్టుకొచ్చాయన్నమాట. ఏ ఏళ్లు లెక్కకు రావాలన్న ప్రశ్న ఇంజనీర్ల చర్చగా మొదలై న్యాయవాదుల వాదనగా ముగియడంలో ఆశ్చర్యం లేదు.

నీటి లెక్క ఒకచోట ఉండాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందే వచ్చింది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్ చొరవతో 1945లో కేంద్ర స్థాయిలో జల సంఘం ఏర్పడింది. నేటి కేంద్ర జలసంఘానికి అదే మూలం. 1958లో ఢిల్లీ వద్ద యమునకు వరద అంచనాలు ఇవ్వడంతో ఆ సేవ ఆరంభమైంది. అయితే రాజ్యాంగం నీటిని రాష్ట్రాల జాబితాలో 17వ అంశంగా ఉంచింది. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణకు కేంద్ర జాబితాలో 56వ అంశం ఉన్నా, రాష్ట్రం పంపిన అంకెను ఢిల్లీ నమ్మి తీరవలసిన స్థితే చాలాకాలం సాగింది. ప్రతి నదీ పరీవాహక ప్రాంతానికి సమాచార నిధి ఉండాలనీ, రాష్ట్రాలిచ్చిన లెక్కలను కేంద్రం తనిఖీ చేయవచ్చుననీ చట్టంలో చేర్చడానికి 2002 వరకు ఆగవలసి వచ్చింది.

చట్టం వచ్చినంత మాత్రాన అనుమానం పోలేదు. 2014 విభజన తర్వాత కృష్ణా బోర్డు తొలి విడతలో 18 చోట్ల టెలిమెట్రీ పరికరాలు పెట్టాలనుకున్నప్పుడు తెలుగు రాష్ట్రాల మధ్య తగవు పరికరం మీద కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద వచ్చింది. పోతిరెడ్డిపాడులో తూముల దగ్గరే పెట్టాలా, దిగువన కాలువ మీద పెట్టాలా? బయటివారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. నదిలోంచి ఎంత నీరు మళ్లుతోందో చెప్పే అంకె ఎవరి అదుపులో ఉండాలన్నదే అసలు పేచీ.

నేల కింది నీటి విషయంలో గుట్టు మరింత లోతుగా సాగింది. కేంద్ర భూగర్భజల మండలి ఎంచుకున్న బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు మట్టాన్ని కొలుస్తూ వచ్చింది. ఆ బావుల మధ్య ఏం జరుగుతోందన్నది ఊహకే మిగిలింది. 2002 మార్చిలో అమెరికా, జర్మనీలు కలిసి పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలకు నీరు కనిపించేది కాదు. ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతూ, తమ మధ్య దూరంలో వచ్చే అతిసూక్ష్మమైన తేడాను కొలిచేవి. కింద నేల బరువు తగ్గితే గురుత్వాకర్షణ తగ్గుతుంది, ఆ దూరం మారుతుంది. మట్టిలోని తేమ వంటివి తీసివేస్తే మిగిలేది భూగర్భజలం లెక్క. 2009లో నేచర్ పత్రికలో రాడెల్, వెలికోన్యా, ఫామిగ్లియెట్టి ప్రకటించిన ఫలితం ప్రకారం 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీల కింద 109 ఘన కిలోమీటర్ల నీరు తరిగిపోయింది. మన లెక్కలో అది దాదాపు 3,850 టీఎంసీలు. బచావత్ పంచిన కృష్ణ దాదాపు రెండు! ఆ ఏళ్లలో వర్షాలు సాధారణానికి దగ్గరగానే ఉన్నాయి కనుక నింద ఆకాశం మీద వేయడానికి వీల్లేకపోయింది.

పంజాబ్‌కు ఈ సంగతి తెలియదని అనలేం. జూన్ 10కి ముందు వరినాట్లు వేయరాదని 2008లోనే ఆర్డినెన్స్ తెచ్చింది, మరుసటి ఏడాది చట్టం చేసింది. ఉచిత విద్యుత్తు జోలికి మాత్రం వెళ్లలేదు. ఉపగ్రహానికీ పరిమితులున్నాయి. వందల కిలోమీటర్ల విస్తీర్ణాన్ని కలిపి చూస్తుంది తప్ప ఏ మండలంలో ఏ బోరు ఎండిందో చెప్పలేదు. బావిలోకి తాడు వదిలే మనిషి అవసరం తీరలేదు.

సరిహద్దు దాటితే అంకె దౌత్యమవుతుంది. 2000 ఏప్రిల్‌లో టిబెట్‌లోని యిగాంగ్ లోయలో కొండచరియ విరిగిపడి నదికి అడ్డుకట్ట అయింది. జూన్‌లో అది తెగి అరుణాచల్‌లోని సియాంగ్ తీరాన్ని ముంచెత్తింది. వానాకాలంలో బ్రహ్మపుత్ర సమాచారం ఇస్తామని 2002లో చైనా ఒప్పుకుంది. 2017లో డోక్లాం వద్ద సైన్యాలు ఎదురెదురుగా నిలిచిన ఏడాది ఆ సమాచారం రాలేదు. కేంద్రాల మరమ్మతులు జరుగుతున్నాయని బీజింగ్ చెప్పింది. 2018లో మళ్లీ మొదలైంది. చైనాను తప్పుపట్టే ఢిల్లీ కూడా గంగ, బ్రహ్మపుత్ర, సింధు నదుల ప్రవాహ వివరాలను సొంత పౌరులకు రహస్య సమాచారంగానే ఉంచింది. 2013 నాటి విధానం కూడా దాన్ని మార్చలేదు. పైనుంచి పరాయి ఉపగ్రహాలు చూస్తున్న నదిని అస్సాం పరిశోధకుడి నుంచి దాచడం ఏ భద్రతకు పనికొస్తుందో ఎవరూ వివరించలేదు.

1960 సింధు ఒప్పందంలోని ఆరో అధికరణం నెలనెలా లెక్కలు ఇచ్చిపుచ్చుకోవాలని చెబుతుంది. యుద్ధాలు జరిగినా ఒప్పందం నిలిచింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో భారత్ దాన్ని నిలిపివేసింది. నాలుగు నెలలకు, ఆగస్టులో జమ్మూ వద్ద తావి పొంగింది. సింధు కమిషనర్ల మార్గం మూసుకుపోయింది. మానవతా దృష్టితో పంపుతున్నామంటూ వరద హెచ్చరిక ఇస్లామాబాద్‌లోని భారత హైకమిషన్ ద్వారా దిగువకు చేరింది.